లారీ నిలబడ్డ జాగా

"దిగుతారా, దిగరా?"

అస్కాలె గరిటె పట్టుకుని లారీ ముందు నిలబడి పొద్దున్నించీ అడుగుతూనే ఉంది.

లారీలోంచి జవాబు లేదు. డ్రైవరు సీట్లో జెర్గావ్ దుప్పటి కప్పుకుని, మాట వినపడనట్టే ఎదురుగా కోళ్ళగూటి వైపు చూస్తున్నాడు. అద్దం ఎత్తేసి ఉంది. తలుపుకి లోపల్నించి గడియ పెట్టి ఉంది.

"మిమ్మల్నే బావగారూ! పరాయివాళ్ళు చూస్తున్నారు. నవ్వుతున్నారు కూడా."

పరాయివాళ్ళు నిజంగానే నవ్వుతున్నారు. కరెంటాఫీసు నుంచి వచ్చిన లైన్‌మన్లు వరండాలో వరసగా కూర్చుని, కోడలు జినాష్ పోసిచ్చిన కాఫీ తాగుతున్నారు. వాళ్ళు తెచ్చిన బండిలో స్తంభం ఉంది, తీగచుట్ట ఉంది, అట్టల మధ్య భద్రంగా కరెంటు కార్లకి పెట్టే ఛార్జింగ్ పెట్టె ఉంది. లేనిదల్లా దాన్ని నిలబెట్టడానికి జాగా. ఆ జాగాలో ఏళ్ళ తరబడి ఇంజను పట్టేసిన లారీ ఉంది. ఆ లారీలో తెల్లవారుజాము నుంచీ జెర్గావ్ ఉన్నాడు.

లైన్‌మన్ల మేస్త్రీ కప్పు కింద పెట్టి లేచాడు.

"అమ్మా, నేను మళ్ళీ కొలిచి చూశాను. ఆ పక్క బావి. ఈ పక్క వంటిల్లు. ముందు కార్లు తిరగాలి. గోడ వారన, లారీ ఉన్నచోటు తప్ప ఇంకెక్కడా కుదరదు. రేపు మధ్యాహ్నం దాకా ఊళ్ళో వేరే పనులు చూసుకుంటాం. ఆ తర్వాత ఈ పెట్టె హోసానా ఊరికి వెళ్ళిపోతుంది. అక్కడ దీనికోసం కొట్టుకుంటున్నారు."

లారీ అద్దం బెత్తెడు కిందికి దిగింది.

"వెళ్ళనీ," అన్నాడు జెర్గావ్. ఆ ఒక్కమాటకే దించాడు. మళ్ళీ ఎత్తేశాడు.

అస్కాలె గరిటె ఎత్తింది. కొట్టడానికి కాదు, ఎవరికో సాక్ష్యం చెప్తున్నట్టు. "విన్నారా? ఇదీ మా ఇంటి పెద్ద దిక్కు!"

జినాష్ ఇక ఆగలేకపోయింది. కరెంటాఫీసు చుట్టూ వానాకాలమంతా తిరిగింది ఆమె. బురదలో చెప్పులు తెగితే చేత్తో పట్టుకుని తిరిగింది. గౌను దోపుకుని వచ్చి లారీ మెట్టు మీద నిలబడి అద్దం మీద కొట్టింది.

"పెదమామయ్యా! మీ తమ్ముడి కొడుకు ఎక్కడ కాపురం చేస్తున్నాడో తెలుసా మీకు? మునిసిపాలిటీ ఆఫీసు వెనకాల. నా దగ్గరకంటే ఆ ఛార్జింగ్ వరసలోనే ఎక్కువసేపు ఉంటున్నాడు. అక్కడి వాచ్‌మన్‌కి నా మొగుడి గురక కూడా తెలుసు. నేనే మర్చిపోతున్నా!"

లైన్‌మన్లు గొల్లుమన్నారు. జెర్గావ్ మీసం కూడా ఒకసారి కదిలింది. కానీ గడియ కదల్లేదు.

*

ఆ రోజు బుధవారం. ఉపవాసం కాబట్టి అస్కాలె హోటల్లో మాంసం కొట్టే చప్పుడు లేదు. మామూలు రోజుల్లో అయితే ఈ పాటికి వీధి మలుపు దాకా వినిపిస్తుంది. సన్నగా కొట్టిన ఎర్రమాంసంలో గోరువెచ్చని మసాలా నెయ్యి కలిపి ఆమె పెట్టే కిత్ఫో కోసం అడిస్ అబాబా నుంచి కార్లేసుకుని బుటజీర వచ్చేవాళ్ళు. ఇప్పుడూ వస్తున్నారు, ఊళ్ళోకి. హోటలుకి కాదు.

మధ్యాహ్నం దెజెనె నడిచి ఇంటికొచ్చాడు. అతను నడిచొచ్చాడంటే అతని కరెంటు వ్యాన్ ఇంకా వరసలోనే ఉందని అర్థం.

"ఎంతమంది ఉన్నారు నీ ముందు?" అంది జినాష్, ఇంజెర అట్టు మీద శనగపిండి పులుసు వడ్డిస్తూ.

"అడక్కు. రెండు తీగల్లో ఒకటి చచ్చిపోయింది. బతికున్నదాని దగ్గర పెళ్ళి బస్సులాగా తోపులాట."

"వెల్డింగ్ షాపాయన కిటికీలోంచి తీగ ఇస్తాడన్నావు?"

"ఇచ్చాడు. నిన్న నా బండికి తగిలించగానే వీధి వీధంతా ఆరిపోయింది. పిండిమర వాడు కర్ర తీసుకుని వచ్చాడు. వెల్డింగ్ షాపాయన నన్నెప్పుడూ చూడలేదన్నాడు."

"పోనీ, ఊరి చివర ఆ కొత్త హోటలు?"

దెజెనె ఇంజెర ముక్క చేతిలో పట్టుకునే అమ్మ వైపు ఓరగా చూశాడు. గొంతు తగ్గించాడు.

"అక్కడ తింటేనే తీగ ఇస్తారు."

"తిన్నావా?" అంది అస్కాలె పొయ్యి దగ్గర్నించే. ఆమె చెవులకి గోడలు అడ్డంరావు.

"లేదమ్మా."

"నిజం చెప్పు."

"వాసన చూశానంతే. నెయ్యి మాడింది."

అస్కాలె మొహంలో ఆ రోజుకి మొదటిసారి కొంచెం వెలుగొచ్చింది. అంతలో ఫోన్ మోగింది. పాత గిరాకీ ఒకాయన, అడిస్ నుంచి. ఆదివారం బుటజీరలో పిల్లనడగడానికి పెద్దల్ని వెంటబెట్టుకుని వస్తున్నారట. మాట ఖాయమైతే భోజనం ఇక్కడే. "కిత్ఫో గురించి మాకు దిగుల్లేదమ్మా. మీ దగ్గర ఛార్జింగ్ ఉందా? అన్నీ కరెంటు కార్లే. లేదంటే మరి, ఊరి చివర హోటల్లో..."

అస్కాలె కళ్ళు వాకిట్లోకి పోయాయి. లారీ అలాగే ఉంది. లారీలో దుప్పటి అలాగే ఉంది.

"ఉంటుంది నాయనా," అనేసింది.

ఫోన్ పెట్టేశాక కోళ్ళు మాత్రం మాట్లాడుకుంటున్నాయి.

"అబద్ధం చెప్పావమ్మా," అన్నాడు దెజెనె.

"అబద్ధం కాదు. ఆదివారం ఇంకా రాలేదు." ఆమె గోడకానుకుని కూర్చుంది. కోపమంతా ఆమె లోంచి దిగిపోయినట్టుంది. "ఆయన్ని తిట్టకండి ఇక. ఆ లారీ మీద సంపాదించే ఈ ఇల్లు కట్టారు, ఆయనా, మీ నాన్నా. ఒకరు నిద్రపోతే ఒకరు నడిపేవారు. మీ నాన్న పోయినా ఆ సీట్లో కూర్చుంటే పక్కన ఉన్నట్టే అనిపిస్తుందేమో. పెళ్ళాం ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. ఆయనకి ఇంకేముంది?"

శాలువ కొసతో కళ్ళొత్తుకుని కంచం తీసింది. "జినాష్, ఇది పట్టుకెళ్ళు. పొద్దున్నించీ ఏమీ తినలేదు మొండి మనిషి."

*

కంచం చూశాక జెర్గావ్ గడియ తీశాడు. జినాష్ అటు తిరిగి ఎక్కి పక్క సీట్లో కూర్చుంది. ఈ ఇంటికి కోడలుగా వచ్చాక లారీ ఎక్కడం ఆమెకి అదే మొదటిసారి.

"తినండి పెదమామయ్యా. నేను పొద్దున గట్టిగా అన్నాను. మనసులో పెట్టుకోకండి."

"నువ్వన్నదాన్లో అబద్ధమేముంది?" అన్నాడాయన ముద్ద చుట్టుకుంటూ. "వాడి గురక మా తమ్ముడి గురకే. నువ్వు మర్చిపోతే నన్నడుగు, చేసి చూపిస్తా."

జినాష్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూ తల తిప్పి తన వైపు కిటికీలోంచి చూసింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

కింద నించుంటే గోడే. ఇక్కణ్ణించి గోడ అవతల అంతా కనిపిస్తోంది. వరసగా అరటిని పోలిన ఎన్సెట్ చెట్ల పెద్దపెద్ద ఆకులు, వాటి నీడలో పిండి మాగబెట్టే గోతులు, ఊడ్చిన నేల, ఆ నేల మీద చిన్న పీట. పీట మీద, మొగుడు పోయి ఒంటరిగా ఉంటున్న పక్కింటి అలెమితు, ముందు కాఫీకుండ. గోడ అంచు మీద, సరిగ్గా లారీ కిటికీకి చెయ్యి చాపితే అందేచోట, ఒక ఖాళీ కప్పు బోర్లించి ఉంది.

"ఇవాళ కూడా దింపలేదన్నమాట మిమ్మల్ని!" అంది అలెమితు తలెత్తకుండానే. "గొంతు వినిపిస్తూనే ఉంది అస్కాలెది. మునుపటి ఊపిరి లేదు. నెయ్యి ఎక్కువ తింటోందేమో చూ..."

తలెత్తింది. జినాష్‌ని చూసింది.

అలెమితు నెమ్మదిగా కాఫీకుండ తీసుకుని, పీట తీసుకుని, ఇంట్లోకి వెళ్ళిపోయింది.

జెర్గావ్ కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. డెబ్భై దాటిన మనిషి చెవులు ఎర్రబడటం జినాష్ ఎన్నడూ చూడలేదు.

"ఇదా సంగతి," అందామె మెల్లగా.

"ఏ సంగతీ కాదు. కాఫీ తాగుతాం. మాట్లాడుకుంటాం. అంతే."

"రోజూనా?"

"వానొస్తే లేదు."

"మరి గేటులోంచి వెళ్ళి వాళ్ళింట్లో కూర్చుని తాగొచ్చుగా?"

"మీ అత్త ఊరుకుంటుందా?" గభాలున అన్నాడాయన. "వాళ్ళిద్దరికీ మాటల్లేవని నీకు తెలీదా? నేను మీ అత్త పెట్టే అన్నం తింటున్నాను తల్లీ. తిన్న చేత్తో వెళ్ళి ఆ గేటు తడితే, అది పక్కలో కత్తి పెట్టుకున్నట్టే. గోడ మీంచి అయితే... వాళ్ళింటికి నేను వెళ్ళినట్టూ కాదు, ఆమె మా ఇంటికి వచ్చినట్టూ కాదు."

"ఈ లారీ పోతే..."

"పోతే నాకు గోడ మిగుల్తుంది."

కంచం పక్కన పెట్టేశాడు. "అస్కాలెతో చెప్పకు."

జినాష్ మాటివ్వలేదు. ఇవ్వననీ అనలేదు. ఖాళీ కంచంతో లారీ దిగింది.

*

అలెమితుతో తగువంటే ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బిందెతో నీళ్ళు మోసిన స్నేహితురాళ్ళు. అస్కాలె కిత్ఫో హోటలు పెడితే, దాంట్లోకి ఎన్సెట్ పిండితో చేసే కోచో రొట్టె అలెమితే ఇచ్చేది. ఒకనాడు హోటలు నిండా జనం ఉండగా, "ఈ రొట్టె కంపు కొడుతోంది, తీసుకుపో" అంది అస్కాలె. అలెమితు గంప ఎత్తుకుని వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఇద్దరి మధ్యా ఉన్న మట్టిగోడ ఆ ఏడే ఇటుకగోడ అయింది.

మర్నాడు పొద్దున వంటింట్లో అస్కాలె నెయ్యి కాస్తోంది. యాలకులు, మెంతులు, ఏవో ఆకులు పడి ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది. జినాష్ పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఏమిటి?" అంది అస్కాలె.

"ఏం లేదత్తయ్యా."

"నిన్న లారీ దిగినప్పట్నించీ నీ నోట మాట లేదు. నువ్వు అరుస్తుంటే నాకు భయం లేదు. నోరు మూసుకున్నావంటే ఇంట్లో ఏదో ఉందన్నమాట."

జినాష్ కత్తి ఆపింది. చెప్తే పెదమామయ్య పరువు. చెప్పకపోతే మధ్యాహ్నానికి ఆ పెట్టె హోసానా దారిన పోతుంది. రాత్రంతా రెండూ తూచింది. దెజెనె లేని మంచం మీద తూచడానికి కావలసినంత చోటు దొరికింది.

"పెదమామయ్య కూర్చునేది మామయ్యగారి కోసం కాదత్తయ్యా," అంది చివరికి. మిగతాది కూడా చెప్పేసింది.

అస్కాలె నెయ్యి తిప్పింది. పొయ్యిలోంచి కట్టె వెనక్కి లాగింది. చేతులు తుడుచుకుంది. జినాష్‌కి భయమేసింది.

"అత్తయ్యా, పెద్దాయన్ని ఏమీ అనకండి..."

అస్కాలె అప్పటికే వాకిట్లో ఉంది. జెర్గావ్ మొహం కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్ళాడు. లారీ తలుపు తెరిచే ఉంది. ఆమె ఒకసారి అటూ ఇటూ చూసి, చీలమండల దాకా జీరాడుతున్న గౌను పైకి దోపుకుని, మెట్టు మీద కాలు పెట్టింది. భారీ మనిషి. లారీ కిర్రుమంది. రెండోసారి ఊగి, మూడోసారికి లోపల పడింది. తలుపు వేసి గడియ పెట్టింది.

జెర్గావ్ మొహం తుడుచుకుంటూ వచ్చి చూశాడు.

"అస్కాలె? ఏం చేస్తున్నావక్కడ? దిగు."

లారీలోంచి జవాబు లేదు.

"దిగమ్మా! చూసేవాళ్ళేమనుకుంటారు?"

ఆమె పక్క సీట్లోకి జరిగి కిటికీలోంచి తల బయట పెట్టింది. అవతల అలెమితు గోడ అంచు మీద కప్పు పెట్టబోతూ, "ఇవాళ అల్లం వేశాను, దగ్గు తగ్గు..." అని పైకి చూసి ఆగిపోయింది.

కప్పులో కాఫీ తొణికింది.

"నువ్వా?"

"నేనే. ఏం, బావగారైతేనే పోస్తావా?"

"అడిగినవాళ్ళకి పోస్తాను. నువ్వెప్పుడడిగావు?"

"పిలవకుండా అడుగుతారా ఎవరైనా?"

"పిలవకుండా పదిమందిలో నా రొట్టె కంపన్నావే, అప్పుడు ఎవరు పిలిచారు నిన్ను?"

ఇవతల జెర్గావ్, జినాష్ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. వాళ్ళకి మాటలు వినిపిస్తున్నాయి, మనిషి కనిపించడం లేదు.

"ఆ రోజు పులిసిపోయిన మాట నిజమా కాదా?" అంది అస్కాలె.

"నిజమే. ఆ ఏడు వానలకి గోతిలోకి నీళ్ళు దిగాయి. నాకు తెలీదా? తెలిసే భయపడుతూ తెచ్చాను. వంటింట్లోకి పిలిచి చెవిలో చెప్తే నీ సొమ్మేం పోయేది? నవ్వుకుంటూ పట్టుకుపోయేదాన్ని."

"పొయ్యి ముందున్నాను. చెమటలు. జనం అరుపులు. నోరు జారింది."

"జారినమ్మ మర్నాడొచ్చి నా గేటు తట్టొచ్చుగా?"

"తడదామనే వచ్చాను. నువ్వు గోడ కట్టిస్తున్నావు. ఇటుకలు మోసేవాళ్ళని తప్పించుకుని వెనక్కి వచ్చేశాను."

ఈ సంగతి అలెమితుకి ఇప్పుడే తెలిసింది. కప్పు మీదికి చూస్తూ నిలబడింది.

"సంతలో కొంటున్నాను రొట్టె," అంది అస్కాలె, ఈసారి గొంతు తగ్గించి. "అంచులు వదిలేస్తున్నారు."

"తెలుసు. మీ కోళ్ళు లావెక్కాయని జెర్గావ్‌గారు చెప్పారు."

అస్కాలె ఆపుకుందామని చూసింది. కుదర్లేదు. నవ్వింది. ఆ నవ్వుకి లారీ ఊగింది. అవతల అలెమితు కూడా నోటికి శాలువ కొస అడ్డం పెట్టుకుంది.

"తిట్టుకుంటున్నారా, నవ్వుకుంటున్నారా?" అన్నాడు జెర్గావ్ కింద నుంచి, ఆత్రంగా.

"మీరుండండి!" అన్నారు ఇద్దరూ, గోడకి చెరో పక్కనించీ.

అలెమితు కప్పు పైకి అందించింది. అస్కాలె ఒక గుక్క తాగింది. అల్లం ఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అల్లానికేనని ఆమె తర్వాత అందరికీ చెప్పింది.

"ఆ ఛార్జింగ్ పెట్టె నాకూ కావాలే అస్కాలె," అంది అలెమితు. "మా అబ్బాయి హబ్తె కరెంటు కారు కొన్నాక రావడమే తగ్గించేశాడు. రావడానికి సరిపోతుందిట, తిరిగి వెళ్ళడానికి చాలదుట. కిందటిసారి వచ్చి నా దగ్గర కూర్చుంది తక్కువ, మునిసిపాలిటీ వరసలో నిలబడింది ఎక్కువ. హోసానా పోనివ్వకు దాన్ని."

"జాగా ఏదీ మరి? చూస్తున్నావుగా, నీ స్నేహితుడు దిగనంటున్నాడు."

అలెమితు తన పెరడంతా ఒకసారి కలియజూసింది.

"ఎన్సెట్ గోతుల పక్కన ఖాళీయే. నా గేటు పెద్దది, రోడ్డు మీదికి ఉంది. లారీ ఇటు తోలించు."

అస్కాలె కప్పు కిందికి దించింది. "లారీ వస్తే ఆయనా వస్తాడు."

"లారీ అన్నాక డ్రైవరుంటాడు కదా," అంది అలెమితు, అటు తిరిగి కుండ సర్దుకుంటూ.

*

ఇంజను పనిచెయ్యని లారీని కదల్చడమంటే పెళ్ళి చేసినంత పని. దెజెనె వెళ్ళి ఛార్జింగ్ వరసలో విసిగి కూర్చున్న డ్రైవర్లందర్నీ వెంటబెట్టుకొచ్చాడు. "ఇది జరిగితే మీకో కొత్త తీగ" అన్నాడు. అంతే, ఒకళ్ళు చక్రాలకి గాలి కొట్టారు, ఒకళ్ళు రాళ్ళు తీశారు. మేస్త్రీ తన బండికి గొలుసు తగిలించాడు. చక్రాల కింద గడ్డి మొలిచి, ఎండి, మళ్ళీ మొలిచి ఉంది.

స్టీరింగు ముందు జెర్గావే. తలకి కొత్త తువ్వాలు చుట్టుకున్నాడు.

"లాగండి!"

లారీ మూలిగింది. కదిలింది. గేటు దాటి వీధిలోకి వచ్చేసరికి జనం పోగయ్యారు. వెల్డింగ్ షాపాయన బయటికొచ్చి చూశాడు. పిండిమర వాడు కర్ర లేకుండా వచ్చి వెనక నుంచి తోశాడు. జెర్గావ్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, లోకమంతా చుట్టొచ్చిన డ్రైవరులా పక్కకి తప్పుకోమని సైగలు చేస్తున్నాడు. ఎదురుగా గాడిదబండి కూడా ఆగి దారిచ్చింది.

అలెమితు తన గేటు రెండు రెక్కలూ తెరిచి నిలబడింది.

సాయంత్రానికి స్తంభం లేచింది. తీగ వచ్చింది. లారీ ఉన్నచోట, గోడకానుకుని, తెల్లటి పెట్టె నిలబడింది. మేస్త్రీ మీట నొక్కగానే దాని మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. వీధి ఆరిపోలేదు. మొదట చప్పట్లు కొట్టింది పిండిమర వాడే.

మొదటి బండి దెజెనెది. తీగ తగిలించి, ఇక ఏం చెయ్యాలో తోచనట్టు చేతులు దులుపుకున్నాడు.

"ఎంతసేపు పడుతుంది?" అంది జినాష్.

"చాలాసేపు."

"వచ్చి కూర్చో అయితే. ఆ వాచ్‌మన్‌కి కబురు పంపనా, నా మొగుణ్ణి నేను వెనక్కి తెచ్చుకున్నానని?"

ఇద్దరూ వరండాలో పక్కపక్కన కూర్చున్నారు. ఏమీ మాట్లాడుకోలేదు. ఆ ఇంట్లో ఆ వారం మొత్తం మీద ఎవరికీ గుచ్చుకోని మౌనం అదొక్కటే.

*

ఆదివారం వాకిలంతా కార్లే. పిల్లనడగడానికి వెళ్ళిన పెద్దలు తెల్లటి శాలువలు భుజాన వేసుకుని, మాట ఖాయం చేసుకుని వచ్చారు. ఒక కారు నిండుతుంటే ఒక కారు వంతు కోసం చూస్తోంది. కార్లు నిండేలోపు మనుషులూ నిండుతున్నారు. రెండోసారి కిత్ఫో చెప్పినవాళ్ళు మూడోసారీ చెప్తున్నారు. ఊరికే కూర్చుంటే ఏం తోస్తుంది మరి?

అలెమితు గేటులోంచి వచ్చింది. నెత్తిమీద గంప, గంపలో ఆకుల మధ్య వేడివేడి కోచో. జనమంతా ఉండగానే అస్కాలె ఎదురెళ్ళి గంప అందుకుంది. ఒక శాలువాయన రొట్టె విరిచి, "ఇదీ రొట్టె అంటే!" అన్నాడు. ఏ పళ్ళెంలోనూ అంచులు మిగల్లేదు.

తిరగలి సద్దుమణిగినట్టు పని కాస్త తగ్గాక ఇద్దరూ వంటింటి గుమ్మంలో కూర్చున్నారు. అలెమితు బయట శాలువలవాళ్ళ వైపు చూస్తోంది.

"ఎంత పద్ధతిగా వచ్చారో చూడు. పెద్దల్ని తెచ్చుకుని, వరసగా నిలబడి, వంగి అడిగారట పిల్లని."

"ఊఁ."

"నన్నూ ఒకాయన అడిగాడే, నిన్న. పెద్దల్లేరు, శాలువ లేదు. లారీలోంచి."

అస్కాలె చేతిలో చెంబు ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"ఏమంటాను? దగ్గొచ్చిందన్నాను. లోపలికెళ్ళిపోయాను." అలెమితు తన శాలువ కొసని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. "ఈ వయసులో ఏమిటే ఇది? ఊరు నవ్వదూ?"

"ఊరికేం పని లేదా? ఊరు ఛార్జింగ్ వరసలో ఉంది." అస్కాలె చెంబు కింద పెట్టింది. లోపలేదో ఒక్కసారిగా ఖాళీ అయినట్టూ, ఒక్కసారిగా నిండినట్టూ ఉంది. రోజూ పొద్దున ఆయన కంచం కడిగి పెట్టే అలవాటు ఆమె చేతికి. "నీకిష్టమేనా? ఆ సంగతి చెప్పు ముందు."

అలెమితు శాలువ కొస వదిలేసింది.

"పొద్దున్నే కాఫీ ఇద్దరికి సరిపడా పొడి దంచుతున్నానే, ఎన్నాళ్ళనుంచో," అంది. "అదే జవాబు."

"సరే అయితే. మా వైపు పెద్దని నేనే. నేనే శాలువ వేసుకుని వస్తాను, వంగి అడుగుతాను. నీ వైపు ఎవరు మాటివ్వాలి?"

"ఇంకెవరు? హబ్తె."

"వాడికి చెప్పావా?"

అలెమితు తల అడ్డంగా ఊపింది. సరిగ్గా అప్పుడే ఆమె ఒళ్ళో ఫోన్ మోగింది. చూసి, "వాడే!" అంది. కంగారులో ఎక్కడ నొక్కిందో గాని, హబ్తె గొంతు వంటింటికంతా వినపడేలా మోగింది.

"అమ్మా! మన పక్కనే ఛార్జింగ్ పెట్టారటగా! అస్కాలె పిన్ని వాకిట్లో! ఇక నాకు దిగుల్లేదు. ఈ శనివారం వస్తున్నా. పై శనివారం కూడా వస్తా. ఇక ప్రతి శనివారం నీ దగ్గరే!"

"రా నాన్నా, రా," అంది అలెమితు.

"అన్నట్టు అమ్మా," అన్నాడు హబ్తె, "మేనత్త ఇవాళ ఫోన్ చేసి ఏదో చెప్పింది, నాకర్థం కాలేదు. మన పెరట్లో లారీ ఉందట. అందులో ఎవరో పెద్దాయన కూర్చుని ఉంటాడట, పొద్దస్తమానం. ఎవరమ్మా ఆయన?"

అలెమితు అస్కాలె వైపు చూసింది. అస్కాలె అలెమితు వైపు చూసింది.

గోడ అవతల జెర్గావ్ లారీ అద్దాలు కడుగుతూ, ఏదో పాత పాట గట్టిగా పాడుకుంటున్నాడు.

"అమ్మా?" అన్నాడు హబ్తె. "ఎవరది పాడుతోంది?"